మస్తాన్ గారు పిలవని రోజు

మొన్న పటమటలో మా చెల్లెలింటికి వెళ్లాను. అది అద్దం ముందు కూర్చుని జుట్టుకి రంగు వేసుకుంటోంది. గిన్నెలో కలిపిన ఆ రంగు ఘాటు ముక్కుకి తగలగానే లేచి వీధి గుమ్మంలోకి వచ్చేశాను. "ఏమైందే? దెయ్యాన్ని చూసినట్టు ఆ పరుగేంటి?" అని నవ్వింది. అది అమ్మోనియా వాసన. ఎక్కడ తగిలినా ముందు నా కాళ్లు బయటికి నడుస్తాయి, తర్వాతే ఆలోచన వస్తుంది. అలా నేర్పింది మా ఓనరు మస్తాన్ గారు. ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని, ఆయన గురించి రాయాలంటే భయంగానే ఉంది. తప్పులుంటే మన్నించండి.

చల్లపల్లి వెళ్లే రోడ్డు పక్కన ఆయనకి ఐసు ఫ్యాక్టరీ ఉండేది. చేపలకీ రొయ్యలకీ ఐసు అక్కణ్ణుంచే వెళ్లేది. దిమ్మల మీద గోనెపట్టాలు కప్పే పనికి చేరాను నేను. నీళ్లని గడ్డ కట్టించేది అమ్మోనియా గ్యాసు. గొట్టాల్లో ఉన్నంతసేపూ మన పని చేసిపెడుతుంది, బయటికొస్తే ఊపిరి ఆపేస్తుంది. చేరిన రోజునే మస్తాన్ గారు నన్ను మిషన్ల గది తలుపు దగ్గరికి తీసుకెళ్లారు. "జీతం సంగతి ఆఫీసులో చెప్తారు రత్నమ్మా. ఇది మాత్రం నేనే చెప్పాలి" అన్నారు. వాళ్ల నాన్నగారి కాలంలో ఆ గదిలో గ్యాసు లీకై ఒకతను పడిపోయాడట. అతన్ని లాగుదామని మాస్కు లేకుండా ఇంకొకతను పరిగెత్తాడట. ఇద్దరూ పోయారు. "నేర్పే పని ఎవరో ఒకరు చేస్తార్లే అనుకున్నాడమ్మా మా నాన్న. ఎవరూ నేర్పలేదు" అన్నారు.

అందుకని నెలకో శుక్రవారం, మస్తాన్ గారు నమాజు నుంచి వచ్చి, తెల్ల లాల్చీతోనే ఆ గది తడి నేల మీద పడుకునేవారు. మా ట్రైనింగు కోసం, గ్యాసు తగిలి పడిపోయిన మనిషి ఆయనన్నమాట. మేం గేటు పక్క గదిలోంచి మాస్కులు తెచ్చి, పెట్టుకుని, ఆయన్ని బయటికి లాగాలి. భారీ మనిషి. ఫిట్టరు నాగేశ్వరరావుకి చెమటలు పట్టేవి. "ఏరా, సినిమా చూస్తున్నావా? లాగు!" అనేవారు. "లాగుతున్నానండీ, మీరే కాస్త బిర్యానీ తగ్గించాలి!" అనేవాడతను. అందరం నవ్వేవాళ్లం. అసలు పరీక్ష వేరే ఉండేది. మాస్కులు రాకముందే లోపలినుంచి గొంతు చించుకుని అరిచేవారు. "రత్నమ్మా, రామ్మా! చచ్చిపోతున్నానమ్మా!" మొదటిసారి నేను ఆగలేక పరిగెత్తాను. ఆయన ఒక కన్ను తెరిచి, "అయిపోయావు. పడుకో ఇక్కడ" అని పక్కన నేల చూపించారు. ఆ చల్లటి తడిలో ఓనరు పక్కన శవంలా పడుకున్నాను. ఆ తర్వాత నన్నే తలుపు దగ్గర కాపలా పెట్టారు. "మాస్కు లేకుండా ఎవర్నీ పోనివ్వకు. నా కొడుకునైనా సరే" అన్నారు. ఆయన కొడుకు రఫీ బాబు ఆఫీసు పనుందంటూ ట్రైనింగుకి ఎప్పుడూ వచ్చేవాడు కాదు.

ఒకరోజు పొద్దున మస్తాన్ గారు ఎప్పటిలాగే మిషన్లు చూస్తూ తిరుగుతుంటే లోపల ఒక వాల్వు పగిలింది. ప్రమాదం గంట మోగింది. గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని అందరూ ఆ వైపుకి వెళ్లారు. నాగేశ్వరరావు మాస్కుల కోసం పరిగెత్తాడు. నేను ముక్కుకి తడి కొంగు కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. రఫీ బాబు ఆఫీసులోంచి వచ్చి పడ్డాడు.

"తప్పుకో! మా నాన్న లోపలున్నాడు!"

"మాస్కు వస్తోంది బాబూ. వచ్చేదాకా వెళ్లనివ్వను."

"నాకు చెప్పడానికి నువ్వెవరివే?"

నన్ను లాగేశాడు. గాజులు పగిలి చెయ్యి కోసుకుంది. పెనుగులాట చూసి ఇద్దరు ఆడవాళ్లు వెనక్కొచ్చి అతని నడుం పట్టుకున్నారు. నాగేశ్వరరావూ ఇంకొకతనూ మాస్కులు పెట్టుకుని లోపలికి వెళ్లారు. మస్తాన్ గారు తలుపుకి నాలుగడుగుల దూరంలోనే ఉన్నారు, అక్కడిదాకా పాకి వచ్చి. నేర్పినట్టే చంకల కింద పట్టుకుని లాగారు. సాయంత్రం ఆస్పత్రిలో పోయారు. ఫ్యాక్టరీలో ఇంకెవరి ప్రాణానికీ ఏమీ కాలేదు.

"అంత దగ్గరున్నాడు. నేను లాగేసేవాణ్ణి" అన్నాడు రఫీ బాబు. వెళ్తే నువ్వూ పడిపోయేవాడివని డాక్టరు చెప్పారు. తండ్రి పోయినవాడికి ఆ మాట ఏం ఎక్కుతుంది? నాతో మాట్లాడడం మానేశాడు. నాకు మాత్రం ఒకటే ఆలోచన. ట్రైనింగులో అంతలా అరిచే మనిషి ఆ రోజు ఒక్కసారి కూడా పిలవలేదు. గొంతు పట్టేసి ఉంటుందన్నారు. అయ్యుండొచ్చు. పిలిస్తే మేం ఆగలేమని ఆయనకి తెలుసు. అందుకే పిలవలేదని నేననుకుంటాను.

చాలా నెలలు ట్రైనింగు ఊసెత్తినవాళ్లు లేరు. తర్వాత ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, రఫీ బాబు ఆ తడి నేల మీద పడుకున్నాడు. నాగేశ్వరరావు మొహం పక్కకి తిప్పుకున్నాడు. "రత్నమ్మా, రామ్మా! చచ్చిపోతున్నానమ్మా!" అచ్చం వాళ్ల నాన్న గొంతే. కొత్తగా చేరిన అమ్మాయి నన్ను దాటబోయింది.

"పాపం, పిలుస్తున్నారు కదండీ!"

గాజులు కోసిన మచ్చ ఉన్న చేతినే తలుపుకి అడ్డం పెట్టాను.

"పిలుస్తున్నంతసేపూ భయం లేదమ్మా" అన్నాను.