ఖాళీ బండి ఎక్కిన కాటా ఇంజనీరు

1986లో నేను బహ్రెయిన్‌లో, కాటాలు సరిచూసే ఒక కంపెనీలో సర్వీసు ఇంజనీరుని. ఊళ్లోవాళ్ల తూకాల్లో గ్రాముల తేడాలు పట్టడం నా వృత్తి. సొంత అంచనాలో మాత్రం టన్నుల లెక్కన తప్పగలనని ఆ ఏడాది ఆఫ్రికాలో రుజువు చేసుకున్నాను.

మా వర్క్‌షాపు జిదాఫ్స్‌లో ఉండేది. మేనేజరు శర్మగారిది కాకినాడ. రోజూ పొద్దున్నే మా ప్లాట్‌ఫాం కాటా ఎక్కి, "డెబ్బై రెండు! పెరుగన్నం మహిమ చూశావటోయ్ శామ్యూలూ!" అని నాతో అంటూ మురిసిపోయేవారు. ఆ కాటా ఆరు కిలోలు తక్కువ చూపిస్తుందని ఆయనకు తప్ప అందరికీ తెలుసు. ద్వీపమంతా తిరిగి కాటాలు సరిచేసే మాకు సొంత కాటా చూసుకునే తీరిక లేదు. నిజం చెప్పే ధైర్యం అంతకన్నా లేదు.

ఆ ఏడాది కంపెనీ నాకు కెన్యాలోని మొంబాసాలో ఒక పని, అది కాగానే పక్క దేశం టాంజానియాలోని టాంగాలో మరో పని అప్పగించింది. టాంగాలో ఒక కిత్తనార మిల్లు ఉంది. దాని కాటాకు మేము సర్టిఫికెట్ ఇవ్వనిదే నార బేళ్లు ఓడ ఎక్కవు. ఓడ శనివారం. కాటా సరిచూడటానికి ఒక పూర్తి రోజు కావాలి. అంటే గురువారం సాయంత్రానికల్లా నేను అక్కడ ఉండాలి.

శర్మగారు మ్యాపు మీద బొటనవేలు ఆనించి, "గోరంత దూరం. మన ద్వీపంలో గలాలీ వెళ్లొచ్చినట్టు బస్సులో వెళ్లిపో. ఓడ గనక తప్పిందా, నీ కాంట్రాక్టు రెన్యువల్‌కి కఫీల్ దగ్గర, అదే మన వీసాల యజమాని దగ్గర, నేను నోరెత్తలేను," అన్నారు.

నేను తలూపాను. ఎటు బయలుదేరినా గంటలో సముద్రం అడ్డొచ్చే ద్వీపంలో ఆరేళ్లున్నవాడికి, దూరమంటే అంతే అనిపిస్తుంది.

నా వెంట హెల్పర్ రాజన్న వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. మా సామానల్లా రెండు ఇరవై కిలోల ఇనుప తూనికరాళ్లు, మఖమల్ పెట్టెలో చిన్న ఇత్తడి రాళ్లు. ఈ ఇత్తడివాటిని వట్టి చేత్తో ముట్టకూడదు. చేతి జిడ్డంటితే వాటి బరువు మారుతుంది. మెత్తటి తోలుగుడ్డతోనే ఎత్తాలి.

గురువారం పొద్దున ఎనిమిదింటికి మొంబాసా స్టాండులో సరిహద్దుకు వెళ్లే వ్యాన్లు రెండున్నాయి. ఒకటి కిక్కిరిసి ఉంది, ఒకటి ఖాళీ. నేను హుందాగా ఖాళీదాన్లో ముందు సీటు ఆక్రమించాను.

రాజన్న ఎక్కలేదు. "సారూ, గా నిండిన బండే ముందుగాల పోతది. గిది నిండేదాక కదల్ది. మా జగిత్యాల జీపులు గిట్లనే ఉంటయి."

"ఊరుకో రాజన్నా! మనుషులం, బస్తాలం కాదు."

"మీ ఇష్టం సారూ," అని ఎక్కి, తీరిగ్గా కళ్లు మూసుకున్నాడు.

నిండిన బండి అయిదు నిమిషాల్లో వెళ్లిపోయింది. మాది పదకొండున్నర దాకా నిండలేదు. నిండాక నా ముందు సీటులోకే మరో ఇద్దరొచ్చారు, ఒకావిడ ఎండుచేపల బుట్టతో సహా.

సరిహద్దు చేరేసరికి మూడు. వ్యాను అక్కడితో సరి. రెండు దేశాల చెక్‌పోస్టుల మధ్య గంటన్నర నడక ఉందని మ్యాపూ చెప్పలేదు, బొటనవేలూ చెప్పలేదు. అవతలి పోస్టు ఆరింటికి మూసేస్తారు. ఇనుప రాళ్లను ఒక సైకిలతని క్యారియర్‌కు కట్టించి, ఇత్తడి పెట్టెను చంటిబిడ్డలా గుండెకు హత్తుకుని నడిచాను.

"సారూ, గలాలీ వచ్చిందా?" అన్నాడు రాజన్న వెనక నుంచి. నేను అడుగు వేగం పెంచాను.

అయిదింటికి టాంజానియా పోస్టులో కస్టమ్స్ అధికారి పెట్టె తెరిచాడు. ఇత్తడి రాళ్లు తళతళలాడాయి. ఆయన కిలో రాయి మీదికి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి తగిలితే రేపటి సర్టిఫికెట్‌కు విలువ లేదు, దాంతోపాటు నా రెన్యువలూ ఉండదు.

రాజన్న ఒక్క క్షణం ఆలోచించలేదు. పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకున్నాడు. "మీరు గూడ మొక్కుండ్రి సారూ," అన్నాడు పెదవి కదపకుండా. ఆదివారం ఆదివారం చర్చికి వెళ్లే నేను, కిలో నుంచి గ్రాము దాకా వరసగా నిలబడ్డ ఆ దేవుళ్లకు దండం పెట్టాను. అధికారి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. టోపీ తీసి, పెట్టె తనే మెల్లగా మూసి, మమ్మల్ని పంపించేశాడు.

బయట మళ్లీ రెండు వ్యాన్లు, ఒకటి నిండినది, ఒకటి ఖాళీది. రాజన్న నా మొహంలోకి చూశాడు. నేను నిండినదాన్లోకి దూరి, ఇనుప రాయి మీద కూర్చున్నాను. పొద్దు గుంకుతుండగా టాంగాలో దిగాం. మర్నాడు కాటా నాలుగు మూలలా రాళ్లు పెట్టి చూసి, సరిచేసి, సీసం సీలు వేశాను. శనివారం బేళ్లు ఓడ ఎక్కాయి.

ఆ ప్రయాణం నాకు నేర్పింది రెండు ముక్కలు. దూరాన్ని నడిచినవాణ్ని అడగాలి, మ్యాపును కాదు. నిండిన బండే ముందు కదులుతుంది.

జిదాఫ్స్‌కు తిరిగొచ్చిన రోజే, అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు, అవే రాళ్లతో మా ప్లాట్‌ఫాం కాటాను సరిచేసి సీలు వేశాను. మర్నాడు శర్మగారు ఎక్కారు, దిగారు, చెప్పులు విప్పి మళ్లీ ఎక్కారు.

"ఏవోయ్ శామ్యూలూ, ఈ కాటా పాడైందా ఏవిటి?"

"లేదండీ," అన్నాను, సంతకం చేసిన సర్టిఫికెట్ అందిస్తూ. "నిన్నటిదాకా పాడై ఉండేదండీ."