డ్రా లేని షెడ్డు

పోయిన వారం ఉప్పల్ రింగురోడ్డులో, మెట్రో మెట్ల కింద ఉండే చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. పక్కన ఇద్దరు కుర్రాళ్లు మెడలో ఆఫీసు కార్డులు వేసుకుని ఒకే ఫోన్‌లోకి తలలు దూర్చి ఉన్నారు. క్రికెట్ అనుకుని తొంగి చూస్తే చదరంగం. సముద్రాల అవతల ఎక్కడో జరుగుతున్న ఆట ఇక్కడ వాళ్ల అరచేతిలో కదులుతోంది. బోర్డు పక్కన థర్మామీటర్ లాంటి పట్టీ ఒకటి నిలువుగా ఉంది. ఎవరు గెలుస్తున్నారో కంప్యూటర్ లెక్కగట్టి, ఆ పట్టీలో తెలుపునూ నలుపునూ పైకీ కిందికీ జరుపుతుందట. తెల్లపావులతో ఆడుతున్నది మా మేనకోడలు. పట్టీలో తెలుపు అడుగంటింది.

"ఖతం రా. మేడమ్ రాజును తెచ్చి నడిరోడ్డు మీద నిలబెట్టింది" అన్నాడు ఒకడు. "ఇందాక అవతలోడే డ్రా అడిగిండంట గదా. తీస్కోని సక్కగ రూముకు పోక."

నేను చాయ్ ఊదుకుంటూ, "ఫికర్ జెయ్యకుర్రి. ఆ రాజు షికారుకు పోతుండు" అన్నాను.

"నీకెట్ల ఎరక కాకా?"

"ఆమె నా మేనకోడలు."

వాడు నా చెప్పులు చూశాడు. నా స్కూటర్ చూశాడు. "అట్లనా. అవతల ఆడేటోడు మా చిన్నాయిన" అన్నాడు.

నేనేమీ నొచ్చుకోలేదు. ఉప్పల్ నుంచి నాచారం దాకా నా మాటకున్న విలువ నాకు తెలుసు. రామంతాపూర్ చెరువులో మొసలిని పట్టి స్కూటర్ వెనక కట్టుకొచ్చానని చెప్పినవాణ్ణి. స్టేడియంలో కొట్టిన సిక్సరు మా డాబా మీది నీళ్లకుండలో పడిందని, ఆ నీళ్లు తాగిన దగ్గర్నుంచి మా ఇంటి పిల్లి కూడా ఎడమచేతి వాటంగా మారిందని చెప్పినవాణ్ణి. నేను చెప్పేవాటిలో బియ్యమెంతో రాళ్లెన్నో మా ఆవిడ ఒక్కతే చెరిగి చెప్పగలదు. ఇప్పుడు రాసేది మాత్రం ఆవిడ చెరిగి, చేట పక్కన పెట్టాక రాస్తున్నది. ఒకటి రెండు రాళ్లుంటే పంటి కింద మీకే తెలుస్తాయి.

మా బావ, అంటే మా అక్క భర్త, నాచారంలో పంపుల విడిభాగాలు చేసే ఒక చిన్న కార్ఖానాలో లేతు మిషన్ మీద పనిచేసేవాడు. మాటలు తక్కువ మనిషి. మధ్యాహ్నం సైరన్ మోగితే అందరూ వెనక రేకుల షెడ్డులోకి వెళ్లి డబ్బాలు విప్పేవాళ్లు. తినడానికి పది నిమిషాలు, మిగిలినదంతా చదరంగానికి. పావులు మా బావే తుక్కు ఇనుముతో లేతు మీద తిప్పి చేశాడు. లేతు గుండ్రటివాటినే చేస్తుంది కాబట్టి రాజు కుదిరాడు, మంత్రి కుదిరాడు, బంట్లు కుదిరాయి. గుర్రం తల మాత్రం ప్రపంచంలో ఏ లేతు మీదా రాదు. అందుకని గుర్రాలకు బదులు నాలుగు బోల్టులు పెట్టుకున్నారు. మా మేనకోడలు ఆ షెడ్డులోనే ఆట నేర్చుకుంది. సెలవుల్లో వాళ్లమ్మతో కలిసి డబ్బా తెచ్చి, అది ఖాళీ అయ్యేదాకా అక్కడే కూర్చునేది. బడిలో టీచరు గుర్రం బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే "ఇది బోల్టు" అందని నేను పదేళ్లుగా అందరికీ చెబుతున్నాను. అది రాయి. కానీ ఒక్కో పావూ పావుకిలో తూగేదన్నది బియ్యం. ఆ బరువుకు ఒక గుణముంది. ఎత్తిన చెయ్యి ఒకటికి రెండుసార్లు ఆలోచించి గానీ దింపదు.

ఆ షెడ్డులో ఆడేది పాత దేశీ ఆట. ఫౌండ్రీలో పనిచేసి వెళ్లిపోయిన ఒక ముసలాయన నేర్పిపోయాడట. దాంట్లో రాజుకు ఒక హక్కుంది. ఇంకా ఒక్క చెక్ కూడా రాకపోతే, ఆట మొత్తంలో ఒకే ఒక్కసారి రాజు గుర్రంలా దూకొచ్చు. ఇంకొకటి, మంత్రితో మాత్ చేస్తే, అంటే ఆట కట్టిస్తే, అదొక గెలుపు, బంటుతో, షెడ్డు భాషలో సిపాయితో, మాత్ చేస్తే అది పరువు. బంటు చేతిలో ఓడినవాడు వారంపాటు అందరి డబ్బాలూ కడగాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, డ్రా అనే మాట అక్కడ లేదు. సైరన్ మోగేసరికి ఆట తేలకపోతే, సుద్దముక్కతో షెడ్డు గోడ మీద గళ్లు గీసి, ఏ పావు ఎక్కడుందో గుర్తు పెట్టి వెళ్లిపోయేవాళ్లు. మర్నాడు అక్కణ్ణుంచే మొదలు. అలా పదకొండు రోజులు నడిచిన ఆట ఒకటుంది. నేను చెప్పేటప్పుడు అది నెలరోజులు అవుతుంది.

మా మేనకోడలికి తొమ్మిదేళ్లప్పుడు సైనిక్‌పురిలో ఒక బడి హాల్లో పోటీలు జరిగితే నేనే స్కూటర్ మీద తీసుకెళ్లాను. చల్లటి వీధులు, ఫ్లాస్కులు పట్టుకొచ్చిన తల్లిదండ్రులు, టైలు కట్టుకున్న పిల్లలు. ప్లాస్టిక్ పావులు పట్టుకుని మా పిల్ల నావైపు తిరిగి, "మామా, ఇవేంది, గాలి వస్తే కొట్కపోయేటట్టున్నయ్" అంది. రెండు ఆటలు గెలిచింది. మూడో ఆటలో ఎదురుగా టై కట్టుకున్న పిల్లవాడు. ఆట మధ్యలో మా పిల్ల తన రాజును ఎత్తి, నిమ్మళంగా, గుర్రంలా దూకించింది. పిల్లవాడు చెయ్యెత్తాడు. రిఫరీ సారు పరుగున వచ్చాడు.

"రాజు అట్లా దూకడమ్మా. ఎవరు నేర్పించారు?"

"మా నాయిన. ఒక్కసారి దూకొచ్చు సార్. నాకింక చెక్ రాలే గదా."

చుట్టూ నవ్వు. టై పిల్లవాడి తండ్రి, పెద్ద మీసాలాయన, "వీధి ఆటవాళ్లను కూడా రానిస్తున్నారా సార్?" అని అడిగాడు, నాకు వినపడేలాగే. రిఫరీ సారు అవతలి పిల్లవాడి గడియారానికి రెండు నిమిషాలు కలిపి, ముట్టుకున్న పావును కదపాల్సిందే కాబట్టి రాజునే జరపమన్నాడు, అదీ ఒక్క గడి. చూస్తే రాజుకు ఖాళీగా ఉన్నది ఒక్కటే గడి, ముందుకు. ఇంట్లో దాక్కోవాల్సిన రాజు వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. మా పిల్ల ముఖం ఎర్రబడింది గానీ కళ్లలో నీళ్లు రాలేదు. తరువాతి ఎత్తులో ఆ రాజును వెనక్కి పిలవకుండా ఇంకో గడి ముందుకు జరిపింది. ఆ తరువాత ఇంకొకటి. టై పిల్లవాడు ఇలాంటి రాజును ఎప్పుడూ చూసి ఉండడు. పట్టుకుందామని ఉన్న పావులన్నీ వేసుకుని వెంటపడ్డాడు. వెనక వాడి ఇల్లు ఖాళీ అయిపోయింది. అప్పటిదాకా మూలన ఊరుకున్న మా ఏనుగు నేరుగా ఆ ఇంట్లోకి వెళ్లి మాత్ చెప్పింది.

తిరుగుదారిలో స్కూటర్ వెనక నుంచి నా చెవిలో అంది: "దూకనియ్యకపోతే ఏమాయె మామా. నడుస్తడు."

తరువాత ఆమె ఆట గురించి పేపర్లలో చాలా రాశారు. సాహసమన్నారు, రాజును ఎర వేసే ఎత్తుగడన్నారు, దానికి ఇంగ్లీషులో ఏవో పేర్లు పెట్టారు. నేను మాత్రం నాచారం నడక అంటాను. ఒక కోచ్ ఆరు నెలలు తల పట్టుకున్నాడు. "కోట కట్టుకో తల్లీ, రాజును లోపల పెట్టు" అని బతిమాలేవాడు. మా అక్కది ఇంకో బాధ. పోటీల్లో చివరి రౌండు చాలాసార్లు ఆదివారమే వస్తుంది, చర్చీ ఆదివారమే. రెండో వరసలో కొంగు తల మీదికి లాక్కుని, "ప్రభువా, గెలిపియ్యకున్నా మంచిదే, ఆ రాజును జర ఇంట్లనే ఉంచు" అని ప్రార్థన చేసేది. ప్రభువు విన్నాడో లేదో తెలియదు, రాజు మాత్రం వినలేదు. అలాగే బస్సులు మారుతూ, రైళ్లు మారుతూ, ఎవరు డ్రా అడిగినా తల అడ్డంగా ఊపుతూ, పిల్ల పెద్దదైంది. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే మూడుసార్లు పెద్ద పోటీల్లో నార్మ్ అనే పాయింట్ల లెక్క అందుకోవాలి. రెండు అందుకుంది. మూడోది చెన్నైలో, చివరి ఆటలో అరపాయింటు దూరంలో ఉంది. అంటే డ్రా చేసుకున్నా చాలు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. అరపాయింటే కదా, పక్కింటికి వెళ్లొచ్చినంత పని అనుకున్నాను. ఆదివారం పొద్దున, ఆట మొదలు కాకముందే, నాచారం చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించాను. నాచారం ముద్దుబిడ్డ, గ్రాండ్‌మాస్టర్ అయిన శుభసందర్భంగా, అని అక్షరాలు. కింద శుభాకాంక్షలతో నా ఫోటో, నల్లకళ్లద్దాలతో.

చెన్నై వెళ్లింది మా బావ. సాయంత్రం ఫోన్ చేసి, ఎప్పటిలాగే పొడిపొడిగా చెప్పాడు. ఎదుటివాడు విదేశీ గ్రాండ్‌మాస్టర్. ముప్పయ్యో ఎత్తు దగ్గర డ్రా అడుగుతూ చెయ్యి చాచాడట. హాలంతా లేచి నిలబడబోయిందట, అయిపోయిందని. మా పిల్ల ఆ చేతిని చూసి, తల అడ్డంగా ఊపి, తన రాజును ఒక గడి ముందుకు జరిపిందట. ఇంకో మూడు గంటలు ఆడి, ఓడిపోయింది.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన తీసుకుని చౌరస్తాకు పోయాను. పైకెక్కి తాడు మీద కత్తి పెట్టానో లేదో కింద ఆటో ఆగింది. బావా, మేనకోడలూ దిగారు. నిద్రలేని ముఖాలు, భుజాన సంచులు.

"ఏం జేస్తున్నవ్ మామా?"

"దింపుతున్న బిడ్డా. తప్పయింది."

తల పైకెత్తి మొత్తం చదివింది. "నీ ఫోటో నాకన్నా పెద్దగుందేంది?" అంది. "కత్తి జేబులో పెట్టుకొని దిగు. అట్లనే ఉండనియ్."

"జనం నవ్వుతరే."

"నవ్వనీ. ఆట ఓడిపోయిన, గది వేరే. ఇప్పుడిది దింపితే నాతోని కాదని నేనే ఒప్పుకున్నట్టు."

"మరి వాడు చెయ్యి చాపినప్పుడు తీస్కోకపోతివి?"

"వాడు ఎందుకు చాపిండు మామా? భయమై చాపిండు. భయపడ్డోనికి సగమిచ్చి, నా సగం నేను తెచ్చుకుంటే, అది నా పేరు ముందు జిందగీ మొత్తం కూసుంటది. నాకు తెలుస్తనే ఉంటది."

నేను బావ వైపు చూశాను, కనీసం తండ్రిగానైనా ఒక మాట చెబుతాడని. ఆయన సంచి కింద పెట్టి, నిచ్చెన గట్టిగా పట్టుకుని, "దిగు బామ్మర్దీ" అన్నాడు. "సైరన్ మోగింది, గంతే. గోడ మీద గీసి పెట్టినమనుకో. పావులు యాడివి ఆడ్నే ఉండనియ్."

దిగాను. ఫ్లెక్సీ ఉండిపోయింది. చౌరస్తాలో ఫ్లెక్సీలు వారం కన్నా నిలవవు. ఇది మాత్రం నిలబడింది. గాలికి ఒక కొస ఊడితే మా బావ డ్యూటీ నుంచి వస్తూ ఇనుప తీగతో బిగించి వచ్చేవాడు. బస్‌స్టాపులో ఎగతాళి మాటలు సరేసరి. ఒకరోజు నేను పక్కనే ఉండగా, బస్సులో ఒకడు లేచి నిలబడి, "గ్రాండ్‌మాస్టర్ వచ్చింది, సీటియ్యున్రి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా పిల్ల మాత్రం "థ్యాంక్స్ అన్నా" అని ఆ సీట్లో కూర్చుని ఉప్పల్ దాకా హాయిగా వచ్చింది. వాడు నిలబడే వచ్చాడు. ఎండకు మొదట ఎరుపు పోయింది, తరువాత పసుపు. మొదటి వానాకాలానికి ఆమె ముఖం, రెండో వానాకాలానికి నా కళ్లద్దాలు పోయాయి. అక్షరాలు మాత్రం నల్లరంగువి కావడంతో మిగిలాయి.

రెండో వానాకాలం చివర, ఒక మధ్యాహ్నం, బావ షెడ్డులో డబ్బా విప్పుతుండగా ఫోన్ మోగింది. నేనూ అక్కడే ఉన్నాను, వాళ్ల కూర మీద నాకు ఎప్పుడూ ఒక కన్ను. ఇంకో ఊరు, ఇంకో చివరి ఆట, మళ్లీ అరపాయింటే కావాలి, మళ్లీ ఎదుటివాడు చెయ్యి చాచాడు, మళ్లీ ఈమె తల అడ్డంగా ఊపింది. ఈసారి గెలిచింది. అవన్నీ చెప్పుకుపోతుంటే బావ ఒక్కటే అడిగాడు.

"మాత్ దేనితోని?"

"సిపాయితోని నాయినా."

బావ ఫోన్ నా చేతిలో పెట్టి, గోడ దగ్గరికి వెళ్లి, మిగిలిపోయిన గళ్లేవో అరచేత్తో తుడిచేశాడు. తరువాత వచ్చి, కూర్చుని అన్నం కలుపుకున్నాడు.

నేను కొత్త ఫ్లెక్సీ కట్టిస్తానంటే మా పిల్ల ఒప్పుకోలేదు. "ఉన్నదాంట్ల ఏం తప్పున్నది మామా?" అంది. వెళ్లి చదివాను. ఒక్క అక్షరమూ తప్పు లేదు.

ఇక చాయ్ బండి దగ్గరి సంగతి. రెండో చాయ్ సగంలో ఉండగా ఫోన్ పట్టుకున్న కుర్రాడు గొణగడం మానేశాడు. పట్టీలో తెలుపు లేస్తోంది. రాజు వెంటపడ్డ నల్లపావులన్నీ ఒక మూల గుమిగూడాయి, వాటి ఇల్లు ఖాళీగా ఉంది. ఇంకో పది నిమిషాలకు అవతలివాడు గడియారం ఆపి చెయ్యి చాచాడు. ఈసారి అది డ్రా అడిగే చెయ్యి కాదు.

కుర్రాడు నా వైపు తిరిగాడు. "కాకా, నిజంగనే మేనమామవా?"

"లే బిడ్డా, ఊకనే అన్న" అని స్కూటర్ ఎక్కాను.

నాచారం చౌరస్తా మీదుగా వస్తుంటే ఆ స్తంభానికి ఇంకా ఇనుప తీగ చుట్టి ఉంది, ఫ్లెక్సీ ఎప్పుడో చినిగిపోయినా. నేను చెప్పిన అబద్ధాలన్నీ నాతోపాటే ముసలివైపోతున్నాయి, ఒక్కటి మాత్రం రెండు వానాకాలాలు తడిసి నిజమైంది. కాలానికి ఓపిక ఎక్కువంటారు గానీ, తీగ బిగించి వచ్చే మొండివాళ్లు కింద ఉంటే తప్ప అది ఎవరి కోసమూ ఆగగా నేను చూడలేదు.