మార్కండేయ పొట్ట మీద పేగు

మార్కండేయకు మొదటినుంచీ రోత ఎక్కువ. కంఠేశ్వర్‌లో దారాలు, గుండీలు అమ్ముకునే ఈ పెద్దమనిషి, దావత్‌లో మేక పేగుల బోటి కూర వడ్డిస్తే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు. అలాంటి మనిషి పేగే ఇప్పుడు బయటికొచ్చి పొట్ట మీద కూర్చుంది.

టైఫాయిడ్ ముదిరి చిన్నపేగు చివర చిల్లు పడింది. డాక్టరు చెడిన ముక్క కోసేసి, మిగిలిన కొసను కుడిపక్క పొట్ట చర్మానికి కుట్టి, దాని మీద సంచీ అతికించాడు. తిన్నదాంట్లో సారమంతా చిన్నపేగు లాగేసుకుంటే, మిగిలిన నీళ్లు పీల్చి గట్టిపరిచేది పెద్దపేగు. అక్కడిదాకా దారే లేకుండా పోయింది గనుక సంచీలోకి ఎప్పుడూ పచ్చటి నీళ్లే.

"ఒళ్లు చేస్తేనే పేగు మళ్లీ లోపల కలిపేది" అన్నాడు డాక్టరు. మార్కండేయేమో తిండి మానేశాడు. తినకపోతే ఏమీ రాదనుకున్నాడు. వచ్చింది. కాలేయం, క్లోమం ఊరించే రసాలు ఖాళీ పేగులోనూ పారుతూనే ఉంటాయి. పైగా సంచీని చర్మానికి అంటించే బిళ్లకు రంధ్రం ఆయనే కోసుకునేవాడు, ఆ ఎర్రటి పేగు కొస చేతికి తగలకూడదని ఇంత పెద్దగా. ఆ సందులోంచి కారిన రసం చర్మాన్నే అరిగించడం మొదలుపెట్టింది. మంట, పుల్లటి కంపు. తన కంపుకు తనకే డోకు. థూ, ఇదీ ఒక బతుకేనా!

ఒక పొద్దున భార్య లింగవ్వ బీడీల చాట పక్కన పెట్టి లేచింది.

"అంగి లేపు."

"నువ్వు సూడకే. ఛీ, పాడు."

"గది నీ పేగే గద, పక్కింటోళ్లదా?"

బీడీలు చుట్టే తునికాకు మీద కొలత రేకు పెట్టి, గీత తప్పకుండా కత్తిరించడం ఆమెకు చిన్ననాటి పని. కాగితం ముక్కతో పేగు చుట్టూ కొలత తీసి, కత్తెర కడిగి, బిళ్లకు సరిగ్గా అంతే రంధ్రం కోసింది. ఆ పేగును ఆమె తుడుస్తున్నట్టు కూడా ఆయనకు తెలియలేదు. దానికి స్పర్శ ఉండదు. ఆమె మొఖం చూస్తే తెలిసింది. అక్కడా రోతే. దాచుకోలేదు. చెయ్యి మాత్రం ఆపలేదు.

తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని పెరుగన్నం కలిపింది. ఆ చెయ్యేనని ఆయన మొఖం తిప్పుకున్నాడు. లింగవ్వ మొదటి ముద్ద తనే తిని, రెండోది ఆయన నోటి దగ్గర పెట్టింది.

"మల్ల గదే సంచీల వడ్తది గదనే."

"పడనియ్. నేను తీస్త."

మార్కండేయ రోతపడుతూనే నోరు తెరిచాడు.