ఎనిమిది అంగుళాల బేరం

అది 1996. దక్షిణాఫ్రికాలో డర్బన్‌కు దక్షిణాన, సముద్రం పక్కన ఉమ్‌కోమాస్. చుట్టూ గుట్టల మీద చెరకు, గాలి మళ్లినప్పుడల్లా కలప గుజ్జు మిల్లు వాసన. కొత్త ప్రభుత్వం వచ్చి రెండేళ్లయింది. ఇండియాతో వ్యాపారం మళ్లీ తెరుచుకోవడంతో మన టైర్లు ఓడ దిగుతున్నాయి. వాటి వెనకే నేనూ దిగాను. మా నాన్నది తణుకులో ట్రాక్టరు సామాన్ల కొట్టు. మాటలు సరిగా రాకముందే బేరం వచ్చింది నాకు. బళ్లో మార్కులు కూడా మాస్టారితో బేరమాడి రెండు పెంచుకున్న ఘనుణ్ణి.

టైర్ల దుకాణంలో సేల్స్‌మన్‌గా నాకది మొదటి ఏడు. ఒక ఉదయం మా ముందు బక్కీ ఆగింది. వెనక తొట్టి ఉన్న చిన్న వ్యానును ఇక్కడ అలా అంటారు. దిగినావిడకు డెబ్బై దాటి ఉంటాయి. తల మీద తెల్ల స్కార్ఫు, చంకలో బైబిలు. చర్చి నుంచి నేరుగా వచ్చింది. బక్కీ నడిపిన మనవడు డేనియల్‌కు ఇరవై రెండో ఇరవై మూడో. వాడు “అవ్వ” అని పిలవడం విని నేను తెలుగులో పలకరించాను. వాడికి ఆ ఒక్క మాటే వచ్చు. తాతల నాడు చెరకు కూలికి ఓడెక్కి వచ్చిన కుటుంబం. అవ్వకు మిగిలిన తెలుగులో తిట్లు, కూరలు, బేరం ఉన్నాయి. నాకు అంతకంటే ఏం కావాలి?

ట్రాక్టరు వెనక టైర్లు కావాలంది. నేను ఎంతకీ కదలని జతను దొర్లించుకొచ్చాను. ఎత్తు లగ్‌లున్న టైర్లవి. లగ్ అంటే టైరు మీద పక్కటెముకల్లా లేచి ఉండే రబ్బరు పట్టీ. వరి బురదకు ఎత్తు లగ్‌లు మేలు. గట్టి నేల మీద, తారు రోడ్డు మీద అవి ఇట్టే అరిగిపోతాయి.

అవ్వ టైరు మీది దుమ్ము వేలితో తీసి నాకు చూపించింది. “ముందు చూపించేది పోని సరుకు. మా నాయన షాపులో సేమ్ ట్రిక్. మంచిది లోపల ఉంది. తే బాబూ.”

తెచ్చాను. ధర చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

“పోయిన కోతలో, వాలు మీద పై చక్రం లేచింది. వీడు జంప్ చేసింది. ట్రాక్టరు మళ్లీ కూర్చుంది.” ఆవిడ తెలుగులో మనిషికీ ట్రాక్టరుకూ ఒకటే క్రియ.

“ఊరికే జారింది, అవ్వ,” అన్నాడు డేనియల్ ఇంగ్లీషులో.

“నోరు ముయ్యి. నీ నాయన పోయింది. నాకు నువ్వు ఒక్కడు ఉంది.”

కొత్త టైరుకు పట్టు ఎక్కువ కాబట్టి ట్రాక్టరు ఇక ఒరగదని ఆవిడ నమ్మకం. నాకెందుకో అనుమానం వచ్చి, చేను చూడందే అమ్మనన్నాను. మా నాన్న వింటే కొట్టు పరువు తీశానని తిట్టేవాడు.

మర్నాడు వెళ్లాను. చేను గుట్ట వాలు మీద ఉంది. ట్రాక్టరు మడ్‌గార్డు తుప్పు చిల్లు మీద కొత్త జెండా స్టిక్కరు. అరిగిన టైర్లు మార్చాల్సిందే, కానీ అసలు తంటా అది కాదు. వెనక చక్రాలు రెండూ మరీ దగ్గరగా ఉన్నాయి. వాటి మధ్య దూరాన్ని ట్రాక్ విడ్త్ అంటారు. వాలులో అది తక్కువైతే ట్రాక్టరు ఒరుగుతుంది. చక్రాల్లో కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి బిగిస్తే దూరం పెరుగుతుంది. ట్యూబుల్లోకి నీళ్లు ఎక్కిస్తే కింద బరువు పడుతుంది. ఆ పనికి బల్లాస్ట్ అని పేరు. ఇదంతా చెప్పాను.

“చక్రం దూరం జరిగితే దుబ్బు మీద ఎక్కుతుంది,” అంది అవ్వ.

నిజమే. అది కార్శి తోట, అంటే నరికిన దుబ్బు నుంచే మళ్లీ పెరిగే చెరకు. ఆ దుబ్బులు ఆవిడ భర్త నాటినవి. చక్రాలు జరపాలంటే వాలు ముక్కలో అవి తీసి, సాళ్లు దూరం చేసి కొత్తగా నాటాలి.

“ఎంత జరగాలి?”

“ఎనిమిది అంగుళాలు.”

“నాలుగు.”

“అవ్వా, ఇది బేరం కాదు.”

“అంతా బేరమే. నాలుగు చెయ్యి. తాత దుబ్బులు కొన్ని ఉంటాయి.”

నాలుగుకు బిగించే బెజ్జాలు రిమ్‌కు ఉన్నాయి. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. కానీ ఆ వాలుకు నాలుగు చాలవు. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. “నాలుగు చెయ్యి బాబూ. టైరుకు నువ్వు చెప్పే ప్రైస్ ఇస్తా. ఒక్క సెంటు తగ్గించమనను.”

నా జన్మలో ఏ గిరాకీ నాతో ఆ మాట అనలేదు. నోట్లో నీళ్లూరాయి. డేనియల్ ట్రాక్టరు సీటు మీద కూర్చుని కాళ్లూపుతూ, మేం దేని గురించి వాదిస్తున్నామో అర్థం కాక చూస్తున్నాడు.

“ఎనిమిదే, అవ్వా.”

“అయికోనా. నీ టైరు నాకు వద్దు. ఎళ్లు.”

అయికోనా అంటే కుదరదు గాక కుదరదని. నేను మా దుకాణం వ్యాను ఎక్కాను. తణుకులో మా కొట్లో గిరాకీ మెట్టు దిగేలోపు మేం వెనక్కి పిలిచేవాళ్లం. ఇక్కడ వెళ్లిపోతున్నది దుకాణదారు. ఇంజను స్టార్టు చేసి, గేటు దాకా పోనిచ్చాను.

“ఒరే, ఆగు.”

అవ్వ రొప్పుతూ వచ్చి కిటికీ పట్టుకుంది. “నువ్వు నాలుగుకు ఒప్పుకుంటే, ఎనిమిది అబద్ధం అని నాకు తెలిసేది. ప్రైస్ తగ్గిస్తారు ఎందుకు? ముందు చెప్పింది అబద్ధం కాబట్టి. అబద్ధం చక్రం మీద నా పిల్లోణ్ణి కూర్చోపెట్టను.” చెమట తుడుచుకుంది. “సరే. ఎనిమిది. ఇప్పుడు టైరు ప్రైస్ చెప్పు.”

చెప్పాను. ఆ ధరలో మూడో వంతు కోసేసి, పైన రెండు ట్యూబులు ఉచితంగా లాక్కుంది. నన్ను అంత శుభ్రంగా ఎవరూ దోచుకోలేదు.

వర్షాలకు వాలు ముక్క తిరిగి నాటారు. సాళ్లు దూరమయ్యేసరికి చివర ఒక సాలుకు చోటు చాలలేదు. ఆ పట్టీలో అవ్వ గోంగూర వేసింది. నేనక్కడ పనిచేసినన్నాళ్లూ, ఆకు కోసినప్పుడల్లా డేనియల్ బక్కీలో ఒక కట్ట తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. “మీ ఎనిమిది అంగుళాలు, అంకుల్. అవ్వ పంపింది.”

ధర ఎంతకైనా దిగుతాను, ఇప్పటికీ. కొలత చెప్పే ముందు మాత్రం ఒక క్షణం ఆగుతాను. చెప్పాక ఇక దిగకూడదు కదా. ఏ మార్కెట్లోనైనా గోంగూర కనబడితే, ఆ గేటూ, కిటికీ పట్టుకున్న ఆ చెయ్యీ గుర్తొస్తాయి. ఆ రోజు మాత్రం కట్టకు ఎంత చెబితే అంత ఇచ్చేస్తాను.