తలుపు అవతలి స్వరం

నేను తాగిన సారా అంతా ఒకచోట పోస్తే నడి ఎండాకాలంలో కూడా గోదావరి ఒడ్లు ఒరుసుకుంటూ పారేది సహోదరులారా, సరే, గోదావరి కాదు, మందమర్రి పక్క వాగు పారేదనుకోండి, అంత తాగాను. నా పేరు ఓదెలు, జ్ఞానస్నానం పేరు జోజప్ప. బొగ్గుబాయిలో పైకప్పు కింద దుంగలు నిలబెట్టే పని నాది, ఆ దుంగల్ని నమ్ముకుని కింద మనుషులు బొగ్గు తవ్వేవారు, వాళ్ళ ప్రాణాలు నా చేతుల్లో ఉండేవి, ఆ చేతులేమో పొద్దున్నే రెండు గ్లాసులు పడందే వణుకు మానేవి కావు. నా భార్య లచ్చవ్వ పిల్లల్ని తీసుకుని సుల్తానాబాద్‌లో తల్లిగారింటికి పోయింది, మళ్ళీ వస్తానని చెప్పలేదు.

దానికి తోడు మా కాలనీలో రెండు యూనియన్ల పగ. ఒక జెండావాళ్ళ పెళ్ళికి ఇంకో జెండావాళ్ళు పోరు. బాయి గేటు దగ్గర జరిగిన కొట్లాటలో అవతలి జెండావాడు మొగిలి కుడి భుజం విరగ్గొట్టింది నేనే, ఆ కర్రను చాలా రోజులు గోడకు ఆనించి వచ్చినవాళ్ళకు చూపించుకున్నాను.

అప్పుడు దేవుడు మా మధ్యకు సిస్టర్ అగ్నేసమ్మను పంపాడు. గుంటూరు వైపు మనిషి, పొట్టిగా ఉండేది, రబ్బరు చెప్పులు, చేతిలో జపమాల. గేటు దగ్గర మళ్ళీ కర్రలు లేచిన రోజు రెండు జెండాల ఆడవాళ్ళనూ వెంటబెట్టుకొచ్చి నడిరోడ్డు మీద కూర్చుంది. మా నాయకుడు పోశం మండిపడ్డాడు.

"సిస్టరమ్మా, గిది మా యూనియన్ లొల్లి. మీరు పోయి గుడి సూస్కోరి."

"గుడికొచ్చేవాళ్ళ తలకాయలు పగిలితే నేనెవర్ని చూసుకోను పోశమన్నా? కాస్త జరగండి, మీ నీడ మా మీద పడనివ్వండి, ఎండగా ఉంది."

ఆడవాళ్ళు నవ్వారు, ఆ పూట కర్రలు దిగాయి. తాగుడు దిగనిదే కర్రలు ఎంతో కాలం దిగి ఉండవని ఆమెకు తెలుసు. ఒకరోజు నన్ను పట్టుకుంది.

"ఓదెలన్నా, బాయిలో పైకప్పు బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?"

"కడ్డీతోని కొడ్తం సిస్టరమ్మా. ఖంగుమంటె మంచిది. డొల్ల సప్పుడొస్తె కూలుతది. ఇద్దరం ఇంటం, ఎవడన్న ఒక్కడు కప్పు మంచిగ లేదంటె పక్కనోడు చెయ్యివట్టి బయటికి గుంజుడే. వాంది ఏ జెండా అని ఎవ్వడడగడు, అందరు దారిస్తరు."

ఆ మాట మీదే ఆమె పని మొదలైంది. తాగుడు మానాలనుకున్నవాళ్ళను ఇద్దరిద్దరిని జోడీ కట్టింది, పొద్దుగూకే వేళ ఒకరు ఇంకొకరి తలుపు కొట్టి "కప్పెట్లుంది?" అని అడగాలి, వచ్చిన జవాబు కాదు, ఆ గొంతు వినాలి. నాకు జోడీగా మొగిలినిచ్చింది. నా జెండావాణ్ణి ఇవ్వమని మొత్తుకున్నాను.

"మీవాణ్ణిస్తే ఇద్దరూ కలిసి సారా దుకాణానికి పోతారు," అంది.

కుడి చెయ్యి పైకి లేవదు కాబట్టి మొగిలి ఎడమ చేత్తో తలుపు కొట్టేవాడు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు సిగ్గేసేది, అయినా మెల్లమెల్లగా ఆ చప్పుడు కోసమే ఎదురుచూడసాగాను. చేతుల వణుకు తగ్గింది. లచ్చవ్వ తిరిగొచ్చింది.

ఇంతలో గేటు దగ్గర మళ్ళీ కొట్లాట, అవతలి జెండావాళ్ళ దెబ్బకు నా బామ్మర్ది తల పగిలి ఆస్పత్రిలో పడ్డాడు, లచ్చవ్వ అక్కడికి ఉరికింది. సాయంత్రం పోశం నలుగురిని వెంటేసుకుని కడ్డీలతో, ఒక సీసాతో నా క్వార్టర్‌కొచ్చాడు.

"మొగిలిగాడు పొద్దుగూకంగనె నీ తలుపు కొడ్తడు గదనే. కొట్టనీ. మంచిగున్న అను, లోపలికి రమ్మను. తర్వాత మేం సూస్కుంటం. నువ్వు ఫికర్ జేయకు, జర తాగు."

గ్లాసు నా చేతిలో పెట్టాడు. బయట వెలుగు తగ్గుతోంది, ఒకడు కడ్డీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటున్నాడు.

సహోదరులారా, ఇక్కడి నుంచి నా సాక్ష్యం మీలో చాలామంది విన్నారు. ఆకాశం నుండి "ఓదెలూ" అని స్వరం వినబడిందనీ, గ్లాసు దానంతటదే పగిలిందనీ, ముప్పైమంది మోకాళ్ళ మీద పడ్డారనీ చెప్పాను. ఆదిలాబాద్ సభలో అది విని జనం ఏడ్చారు, వాళ్ళను చూసి నేనూ ఏడ్చాను. మొగిలి ప్రతిసారీ ముందు వరుసలో కూర్చుని విన్నాడు, ఒక్కసారీ కాదనలేదు. ఈమధ్యే అతణ్ణి మట్టిలో పెట్టి వచ్చాం. ఇక ఆ కథ నా గొంతు దాటడం లేదు.

జరిగింది ఇది. గ్లాసు పగల్లేదు, సగం నేనే తాగాను. స్వరం ఆకాశం నుండి రాలేదు, తలుపు అవతలి నుంచి వచ్చింది. ఎడమచేతి చప్పుడు, ఆ వెంటనే, "ఓదెలన్నా, కప్పెట్లుంది?"

పోశం నా వైపు చూశాడు. నేను "మంచిగుంది మొగిలీ, లోపలికి రా" అన్నాను. అవును, అన్నాను.

తలుపు కదల్లేదు.

"డొల్ల సప్పుడొస్తందన్నా. మల్లొకసారి సెప్పు."

అప్పుడు నా గుండెలో ఒక ప్రార్థన వచ్చింది, నేర్చుకున్నది కాదు: ఏసయ్యా, నా నోటితో వాణ్ణి చంపనియ్యకు. అంతే. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మంచిగ లేదు మొగిలీ. తాగిన. లోపల మనుషులున్నరు. రాకు, పో."

అతను పోతాడనుకున్నాను. తలుపు తోసుకుని లోపలికే వచ్చాడు. అతని వెనక గడపలో అగ్నేసమ్మ. గేటు సంగతి తెలిసి ఆమె అతని వెంట నడిచొచ్చింది. మొగిలి ఎవరి వైపూ చూడలేదు, నా చెయ్యి పట్టుకుని గుంజాడు. పోశం కడ్డీ ఎత్తాడు.

"పోశమన్నా," అంది సిస్టరమ్మ మెల్లగా, "కప్పు బాగోలేదని మనిషి చెప్పాడు. జోడీ వచ్చి బయటికి లాగుతున్నాడు. బాయిలో అయితే మీరేం చేస్తారు?"

పోశం గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ ఎత్తిన చెయ్యి నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. చాలాసేపటికి దిగింది.

"బాయిల అయితె దారిస్తం," అన్నాడు, పక్కకు జరిగాడు.

నేను గడప దాటి మెట్ల మీద కక్కుకున్నాను, మొగిలి నా తల పట్టుకున్నాడు. సిస్టరమ్మ లోపలికి పోయి ఆ కడ్డీల మధ్యే కూర్చుని పోశం చేత టీ పెట్టించింది, తర్వాత అందర్నీ, మొగిలినీ, వెంటబెట్టుకుని నా బామ్మర్దిని చూడ్డానికి ఆస్పత్రికి నడిచింది. ఆకాశం తెరుచుకోలేదు సహోదరులారా, ఒక తలుపు తెరుచుకుంది, నాకు అది చాలింది. దేవునికే మహిమ.

మొగిలి పోయాక ఇప్పుడు నాకు జోడీగా తలుపు కొడుతున్నది పోశం. ఈ సాయంత్రం అతను రాగానే ఈ కాగితం చదివి వినిపిస్తాను, ఎక్కడైనా డొల్ల చప్పుడొస్తే చెబుతాడు, అది కొట్టేసే మీకు పంపుతాను. మీలో ఎవరి కప్పు కిందైనా పగుళ్ళు పడి ఉంటే, మంచిగున్నానని చెప్పి చెప్పి అలసిపోయి ఉంటే, తలుపు చప్పుడైనప్పుడు ఒక్కసారి నిజం పలకండి. ప్రభువు లోపలికే వస్తాడు. చెయ్యి అందించండి, గుంజుతాడు.