నేను మార్చని చదరపు సెంటీమీటరు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అన్నం ముద్ద గొంతుకు అడ్డం పడ్డట్టు ఉంటుంది, మింగలేను, కక్కలేను. భార్యకు చెప్పలేదు. పాస్టరుగారికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మీ ముఖం నేను చూడక్కర్లేదు. నా ధైర్యం ఆ మాత్రమే.

చిలకలూరిపేట దారిలో ఒక జిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ చూసేవాణ్ణి. గింజ తీసిన పత్తిని బేళ్లు కట్టే ప్రెస్సు దగ్గరికి మోసుకెళ్లే బెల్టును ఒక ఏడాది వేసవికి ముందు మార్చాం. పాతది రబ్బరు, కొత్తది ప్లాస్టిక్ రకం. నడుస్తుంటే దాని మీద విద్యుదావేశం పేరుకునేది. దగ్గరికి వెళితే చేతి వెంట్రుకలు లేచి నిలబడేవి. గాలి పొడిగా ఉంది, షెడ్డు నిండా పత్తి నూగు. ప్రమాదమేమన్నా ఉందా, తడి గోనెలు కట్టించి ఎర్త్ వైర్లు వేయించమంటావా అని ఓనరుగారు అడిగారు. కొలిచి చెబుతానన్నాను.

నా దగ్గరున్నది ఆవేశం కొలిచే పాత మీటరు. చదరపు సెంటీమీటరుకు ఇన్ని ఈఎస్‌యూలు అని, పాతకాలపు ప్రమాణంలో చూపిస్తుంది. బెల్టు కంపెనీవాళ్లు చెప్పిన హద్దేమో కొత్త ప్రమాణంలో ఉంది: చదరపు మీటరుకు పది మైక్రోకూలుంబులు దాటకూడదు. మీటరులో ఆరు వచ్చింది. ఈఎస్‌యూలను కూలుంబుల్లోకి మార్చాను. సున్నా పాయింటు సున్నా సున్నా రెండు మైక్రోకూలుంబులు. పదెక్కడ, ఇదెక్కడ! ఏం భయం లేదండి, ఖర్చు దండగ అని పెద్ద మొనగాడిలా చెప్పేశాను. ఆవేశాన్ని మార్చాను గానీ వైశాల్యాన్ని మార్చలేదు. చదరపు మీటరులో పది వేల చదరపు సెంటీమీటర్లుంటాయని హైస్కూలు పిల్లలకు తెలుసు. ఆ పది వేలతో గుణిస్తే ఇరవై వస్తుంది. హద్దుకు రెట్టింపు. బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. తూ, నా చదువు తగలెయ్య!

నెల తిరక్కముందే మిల్లు అంటుకుంది. నేను అక్కడే ఉన్నాను. బెల్టు చివర టప్‌మని నీలంగా రవ్వ మెరిసింది, నూగు భగ్గుమంది. నా కళ్లతో చూశాను. ఇంకెవరూ అటు చూడలేదు. పత్తి ఎగదోస్తున్న కరుణమ్మ చేతులు రెండూ కాలిపోయాయి. ప్రాణం దక్కింది, వేళ్లు మాత్రం ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

ఆమె భర్త ఏసోబు అదే షెడ్డులో హమాలీ, మా సంఘంలో విశ్వాసి. బాప్తిస్మం తీసుకున్నప్పుడు బీడీ మానేశాడు. కానీ అప్పుడప్పుడు దొంగచాటుగా కాలుస్తాడని అందరికీ తెలుసు. ఇంకేముంది, ఏసోబు బీడీ వల్లేనని మిల్లంతా అనేసింది. ఆ మాట ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. నేను మొదలుపెట్టలేదు. ఇలా రాసుకుంటే ఎంత హాయిగా ఉందో చూడండి! నేను ఆపలేదు, అదీ నిజం. అప్పటికే లెక్క మళ్లీ చేసుకున్నాను, ఎక్కడ తప్పానో దొరికింది కూడా. లెక్క తప్పడం పాపమా? కాదేమో. మరి తెలిశాక నోరు మూసుకోవడం?

కరుణమ్మ ఆస్పత్రి నుంచి వచ్చాక ఒక శనివారం ఏసోబు మా ఇంటికి వచ్చాడు. మా సంఘానికి నేను పెద్దను. గుమ్మంలోనే కూలబడ్డాడు.

"అన్నా, ఆ రోజు టీ కొట్టు దగ్గర ఒకటి కాల్చా. ఆర్పి పారేశానో, చేతిలో పట్టుకునే లోపలికొచ్చానో, ఎంత తన్నుకున్నా గుర్తు రావట్లా. నావల్లే అంటారా?"

కాదురా అంటే చాలు. ఒక్క మాట.

"అది నీకూ దేవుడికీ తెలియాలి ఏసోబూ," అన్నాను. "అనుమానం ఉంటే సంఘం ముందు ఒప్పేసుకో. మనసు కుదుటపడుద్ది."

"అంతేనంటారా?"

"అంతే."

ఒప్పుకున్నాడండి. మర్నాడు ఆదివారం ఆరాధనలో, సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి, చేతులకు కట్లతో కూర్చున్న భార్య ఎదుట, తాను చేయని తప్పును వెక్కి వెక్కి ఏడుస్తూ ఒప్పుకున్నాడు. సంఘమంతా ఏడ్చింది. ప్రార్థన చేయమని పాస్టరుగారు నన్నే అన్నారు. చేశాను. ఈ బిడ్డను క్షమించు ప్రభువా అని గొంతెత్తి మరీ చేశాను. ఎలా చేశాను? నాలుక ఎలా తిరిగింది? ఆ తర్వాత నేనూ లేచి, దేవుడు మంటల్లోంచి నన్ను కాపాడాడని సాక్ష్యం చెప్పాను. అందరూ హల్లెలూయా అన్నారు.

మొదట్లో ఉద్యోగం పోతుందని, కేసు అవుతుందని చెప్పలేదు. తర్వాత పెద్దరికం పోతుందని. ఇప్పుడు ఆ మిల్లు లేదు, ఓనరుగారు పోయారు, అడిగేవాడు లేడు. అయినా భయమే, ఎందుకంటే ఏసోబు ముఖంలోకి చూసి, నువ్వు ఏడ్చింది నా పాపానికి, ఏడవమని చెప్పిందీ నేనే, అనాలి. ఒకసారి చెప్పేద్దామని బండి తీశాను. వాళ్ల వీధి దాటి, చీరాల దాటి, వాడరేవు దాకా వెళ్లిపోయాను. అక్కడ ఎండుచేపలు కొనుక్కుని వెనక్కొచ్చాను. నవ్వొస్తోందా మీకు? నవ్వండి. నన్ను ఎవరన్నా చెప్పుతో కొడితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. ఎవరూ కొట్టరు. ఎదురొస్తే నమస్కారం పెడతారు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ మిల్లు ఏసోబు బీడీ వల్ల కాలలేదు. నావల్ల కాలింది. కరుణమ్మ చేతులు నా లెక్క వల్ల పోయాయి. ఏసోబు నిర్దోషి అని తెలిసి కూడా అతని చేత ఒప్పించాను.

రాసేశాను. చాలా ఏళ్లకు ఊపిరి లోపలిదాకా వెళ్లింది. ఆ హాయికే సిగ్గేస్తోంది. దేవుడు క్షమిస్తాడో లేదో అడగను, ఆ ప్రార్థన ఒకసారి దొంగగా వాడేశాను. ఇవాళ మధ్యాహ్నం కూడా ఏసోబు కంచంలో అన్నం కలిపి భార్యకు ముద్దలు పెడుతుంటాడు. మొగుడి చేత తినాలంటే ఆమెకు ఇప్పటికీ మొహమాటమే, రెండు ముద్దలకే చాల్లే అంటుంది.

"నేను కాల్చిన చేతులేగా," అంటాడు ఏసోబు, "తిను."