హైజంప్ పరుపు మీద కాఫీ

నేను డెకాథ్లాన్ ఆడతాను, అంటే పది ఆటలు కలిపి ఒకే పోటీ. ప్రాక్టీసుకు రోజూ గుడియాత్తం నుంచి మొదటి బస్సుకు వేలూరు గ్రౌండుకు వస్తాను. ఈ రోజు వచ్చేసరికి, వాకింగ్ పేరుతో వచ్చే పెద్దమనుషులు నలుగురు హైజంప్ పరుపు మీద చేరగిలబడి కాఫీ తాగుతున్నారు. లేవమన్నాను.

"మోకాళ్లు నొస్తా ఉండాయి నాయనా, యాడికి లేసేది? నీకు పది ఆటలుండాయి గదా, తక్కిన తొమ్మిదీ ముందు ఆడుకో పో," అన్నాడు అందరిలోకీ లావుపాటాయన.

సరేనని ఈటె అందుకుని, పరుపు వైపు తిరిగి భుజం సాగదీశాను. అంతే. నొప్పుల మోకాళ్లన్నీ చెప్పులు కూడా వదిలేసి గేటు దాకా పరుగెత్తాయి.

వాళ్లు వ్యాయామం చేయగా చూడటం ఇదే మొదటిసారి. ఇలాంటివాళ్లను మీ ఊరి గ్రౌండులో ఏ ఆటతో లేపుతారండీ?